పాత తాళానికి వచ్చిన ఉత్తరం

విరాత్మి తాళంచెవి కాపలాదారు. ఆమె తండ్రి పాక్ కార్యోదిదీ అదే పని. అయితే ఆయన తాళంచెవి ఇనుముది, జానెడు పొడవు. జావాలో, యోగ్యకర్త పక్కనున్న కోతాగెదెలో ఒక పాత సమాధుల తోట గుమ్మానిది. పొద్దున ఏడింటికి ఆ గుమ్మం తెరిచి, వచ్చినవారిని ‘మీరెవరు, ఎవరి దగ్గరికి వచ్చారు’ అని అడిగి లోపలికి పంపి, సాయంత్రం ఐదింటికి మూసేవాడు. అలాంటి మనిషిని జురుకుంచి అంటారు. కూతురు కాపలా కాసే తాళంచెవికి బరువు లేదు. అది పన్నెండువందల ముప్పైమూడు అంకెలున్న ఒక సంఖ్య.

ఆమె పనిచేసేది యోగ్యకర్తలో మూడు గదుల కార్యాలయం. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాలు ఒకదానికొకటి నెట్‌వర్క్ మీద పంపుకునే రోగుల కాగితాలు నిజంగా ఆ కేంద్రం నుంచే వచ్చాయని ధ్రువీకరించడం దాని పని. ఆ ధ్రువపత్రాలన్నిటికీ మూలం ఆ ఒక్క సంఖ్య. అది పరాయివారి చేతిలో పడితే ఎవరైనా ఏ డాక్టరు పేరుతోనైనా సంతకం చేయగలరు. అందుకని అది పూర్తిగా ఎవరి దగ్గరా ఉండదు. 2014 అక్టోబరులో దాన్ని ఐదు ముక్కలు చేసి ఐదుగురికి పంచారు. ఏ మూడు ముక్కలు కలిసినా సంఖ్య తిరిగి వస్తుంది. రెండు కలిస్తే సగమైనా తెలుస్తుందనుకోవడం పొరపాటు, ఏమీ తెలియదు.

ఐదుగురిలో విరాత్మి ఒకరు, తెలుగునాట నుంచి వచ్చి అక్కడే చిట్టాలు చూసుకునే నేనొకరు. మూడోవారు మా కార్యాలయంలోనే పెద్దవారైన బు ముర్సియెం; పాక్ అంటే అయ్యగారు, బు అంటే అమ్మగారు. నాలుగోవాడు సలతిగాలో ఒక కళాశాలలో గణితం చెప్పే కుంతాడి. ఐదో ఆయన సెమరాంగ్ నుంచి వచ్చి పని కాగానే వెళ్ళిపోయేవాడు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్లోనూ అక్టోబరులోనూ, కెమెరా ముందు కూర్చుని, రాసి ఉంచిన క్రమం తప్పకుండా ముక్కలు కలిపి, అవసరమైన సంతకాలు చేయించి, మళ్ళీ విడిపోయేవాళ్ళం. మేము సంతకం పెట్టిన నియమాల్లో ఏడోది ఇది: రెండు ముక్కలు ఒకే ఇంట్లో ఉండరాదు. ఇద్దరి మధ్య చుట్టరికం కలిసే సూచన ఉంటే ముందుగా చెప్పి, ఒకరు తన ముక్కను తిరిగి ఇచ్చేయాలి.

కుంతాడి వచ్చినప్పుడల్లా సలతిగా వేరుసెనగ పాకం పొట్లాలు తెచ్చేవాడు. మనుషులం ఐదుగురం, పొట్లాలు ఆరు. ఆరోది ఎప్పుడూ విరాత్మి బల్ల మీదే మిగిలేది. దాన్ని మొదట లెక్కపెట్టింది బు ముర్సియెం.

“ఏం జెంగ్, గణితం మాస్టారికి ఐదు దాకా లెక్క రాదా?”

“పొరపాటున ఎక్కువ కొని ఉంటారు, బూ.”

“నాలుగుసార్లూ పొరపాటేనా? మన తాళం తెరవాలంటే ముగ్గురు కావాలి. కొన్నిటికి ఇద్దరు చాలమ్మా.”

విరాత్మి మాట మార్చి, తాను కోతాగెదె నుంచి తెచ్చిన కిపో మిఠాయి పొట్లం విప్పింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్ళు, అతనికి నలభై. అతను ఆమెను జెంగ్ అనేవాడు, ఆమె మస్ అనేది. రెండూ గౌరవంగా దూరం నిలబెట్టే మాటలే. అయితే ఆ రెండు పిలుపులనూ అంత నెమ్మదిగా పలికేవారిని నేను మరెక్కడా వినలేదు.

కార్యాలయంలో విరాత్మికి ఇంకో పని ఉండేది: ఆరోగ్య కేంద్రాల గుమాస్తాలకు భద్రత గురించి మొదటి మాటలు నేర్పడం. 2016 అక్టోబరులో ముక్కల పని ముగిశాక మధ్యాహ్నం ఆమెకు పాఠం ఉంది. కుంతాడి బస్సుకు వెళ్ళకుండా వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఆమె బల్ల మీద ఒక రోలు పెట్టి మొదలుపెట్టింది. “మీ పాస్‌వర్డును యంత్రం అలాగే దాచుకోదు. నూరి ముద్ద చేసి ముద్దను దాచుకుంటుంది. సంబల్ నూరాక మిరపకాయను ముచ్చికతో సహా మళ్ళీ బయటికి తీయగలమా? తీయలేం. దీన్ని హాష్ అంటాం. అయితే రెండిళ్ళలో ఒకే మిరపకాయలు నూరితే ఒకే ముద్ద వస్తుంది. ఒక ఇంటి గుట్టు తెలిస్తే రెండోదీ తెలిసినట్టే. అందుకని ఒక్కొక్కరి ముద్దలో వేరే చిటికెడు ఉప్పు వేస్తాం. ఉప్పు అనే అంటాం దాన్ని.”

“మా ఆవిడ ఉప్పు వెయ్యడం మర్చిపోతుంది బూ,” అన్నాడు వోనోసరి నుంచి వచ్చిన గుమాస్తా పాక్ వగిమిన్. “మా ఇంటి గుట్టు ఊరంతా తెలిసింది అందుకేనా?”

“మీ గుట్టు మీ ఆవిడ దాకా పోనక్కర్లేదు. పాక్ వగిమిన్, మీరు వగె సంత రోజున పుట్టారు కదూ?”

“అవును. మీకెవరు చెప్పారు?”

“పేరు పెట్టినప్పుడే మీ నాన్నగారు అందరికీ చెప్పారు. మీ పాస్‌వర్డు పుట్టినరోజు పేరే అయితే, వగె ముందు ఉండాల్సింది ఆదివారమో సోమవారమో, అంతే. ఏడుసార్లు ప్రయత్నిస్తే చాలు.”

“బుధవారం,” అని ఎవరో వెనకనుంచి అరిచారు. వగిమిన్ మొహం చూస్తే అదే నిజమని తెలిసింది. గది ఘొల్లుమంది.

“పేరు మార్చుకోమంటారా ఏంటి?”

“పేరెందుకు పాపం. పాస్‌వర్డు మార్చుకోండి.” జావాలో పుట్టినరోజు పేరంటే వారం, సంత రోజు కలిసిన జంట; వారాలు ఏడు, సంత రోజులు ఐదు, కలిపి ముప్పై ఐదు జంటలే. ఆ రోజు గదిలో ఉన్న ఇరవై ముగ్గురిలో పదకొండు మందికి పాస్‌వర్డు వాటిలో ఒకటి.

తరవాత ఆమె తాళం గురించి చెప్పింది. పాతకాలపు పద్ధతిలో మూసేవాడికీ తెరిచేవాడికీ ఒకే తాళంచెవి. దాన్ని చేరవేసే దారిలోనే దొంగ ఉంటాడు. “కొత్త పద్ధతిలో నేను తెరిచి ఉన్న తాళాలను ఊరందరికీ పంచిపెడతాను, తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. ఎవరైనా ఉత్తరాన్ని పెట్టెలో పెట్టి నా తాళం నొక్కి మూయవచ్చు. నొక్కాక, మూసినవాడు కూడా దాన్ని తెరవలేడు,” అంది. చివరగా, ఎదుటివాడు ఎవరో తేల్చుకోవడం గురించి. దానికి జావా పిల్లలందరికీ తెలిసిన ఇద్దరు సేవకుల సంగతి తీసుకుంది. రాజు తన కత్తిని ఒకడికిచ్చి, నాకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. మరిచిపోయి, రెండోవాణ్ణి పంపి తెమ్మన్నాడు. ఇద్దరూ మాట తప్పనివాళ్ళే, కొట్టుకుని చచ్చిపోయారు.

“తప్పెవరిది?” అని ఆమె అడిగింది. గుమాస్తాలు రెండు పక్షాలయ్యారు.

వెనక బెంచీ నుంచి కుంతాడి అన్నాడు. “ఇద్దరిదీ కాదు, జెంగ్. పంపినవాడు గుర్తు ఇచ్చి పంపలేదు.”

“వచ్చినవాడు తిరిగి వెళ్ళి అడిగి ఉండొచ్చు కదా, మస్?”

“సిగ్గుపడి ఉంటాడు,” అన్నాడు కుంతాడి. అందరూ నవ్వారు, ఆమె కూడా.

మా కార్యాలయంలో ప్రతి కాపలాదారుకూ ఉత్తరాల కోసం సొంత తాళం ఒకటి ఉండేది. దాని తాళంచెవి ఒక కార్డులో ఉంటుంది, మూడేళ్ళకోసారి మార్చాలి. ఇతర చోట్ల పాత ఉత్తరాలు చదువుకోవడానికి పాత తాళంచెవిని దాచి ఉంచుతారు. మా నియమం కఠినం: పాత కార్డును అదే రోజు ఇద్దరు సాక్షుల ముందు కత్తిరించాలి. 2017 మార్చి పదో తేదీ శుక్రవారం విరాత్మి కార్డును బు ముర్సియెం ఎనిమిది ముక్కలుగా కత్తిరించింది. రెండో సాక్షి సంతకం నాది.

పదమూడో తేదీ సోమవారం, పొద్దున తొమ్మిది నలభై రెండుకు, కుంతాడి నుంచి విరాత్మికి ఒక ఉత్తరం వచ్చింది. అతను తాళం వేసే పనులన్నీ నెట్‌వర్క్‌కు ఎన్నడూ తగిలించని ఒక పాత కంప్యూటరు మీద చేసేవాడు. కొత్త తాళాలను నెలకొకసారి పెన్‌డ్రైవులో అక్కడికి మోసుకెళ్ళేవాడు. మార్చి నెల మోత ఇంకా జరగలేదు. అతను వేసింది శుక్రవారం చచ్చిపోయిన తాళం. జాగ్రత్తపరుడు చేయగల తప్పు అది.

ఆ ఉత్తరాన్ని తెరవగల తాళంచెవి ప్రపంచంలో ఎక్కడా లేదు. ఈ మాట అతిశయోక్తి కాదు, లెక్క.

అయితే తాళం పడేది ఉత్తరం లోపలికి మాత్రమే. కవరు బయట ఉన్నదంతా కనిపిస్తుంది. పంపినవారు, సమయం, పొడవు. కుంతాడి కార్యాలయానికి రాసే ఉత్తరాలు నాలుగు లైన్లు దాటవు. ఇది దాదాపు పేజీన్నర ఉంటుందని విరాత్మి లెక్కగట్టింది. బయట కనిపించేది ఇంకొకటి ఉంది, విషయం లైను. అతను అందులో రెండు మాటలు రాశాడు: పెరిహల్ కిత. అంటే, ‘మన విషయం’.

ఇండొనేషియా భాషలోనూ తెలుగులోలాగే మేము వేరు, మనం వేరు. మేమంటే వినేవారు బయట; మనమంటే వినేవారూ లోపలే. కార్యాలయం కాగితాల్లో అందరం ‘మా’ అనే రాసేవాళ్ళం. మాటల విషయంలో అతను నా కంటే ఖచ్చితమైన మనిషి. అతను రాసింది ‘మన’. కానీ ఆ ‘మన’ ఐదుగురు కాపలాదారులా? లేక ఆమే, అతనా?

వేరెవరైనా అయితే విరాత్మి ఒక్క నిమిషంలో జవాబు రాసేది: పాత తాళానికి పంపారు, కొత్తదానికి మళ్ళీ పంపండి అని. అలాంటివి వారానికి రెండు రాసేది. ఈసారి రాయలేకపోయింది. అది ఐదుగురి విషయమైతే, మళ్ళీ పంపమనడంలో తన గుండె దడ బయటపడుతుందేమో. ఇద్దరి విషయమైతే, మాటకారి కాని మనిషి ఎంతో కూడగట్టుకుని ఒకసారి రాసినదాన్ని రెండోసారి రాయమనడం. దీన్ని పెకెవుహ్ అంటారు; మన మొహమాటానికి అన్న. ఈలోగా కార్యాలయం యంత్రం తన అలవాటు ప్రకారం ‘మీ ఉత్తరం అందింది’ అని అతనికి రసీదు పంపేసింది.

ఆ సంగతి ఆమె చెప్పుకున్నది ఒక్క తండ్రికే.

“నా తాళంచెవి పోతే సెంటుల్ సందులో కమ్మరి ఉన్నాడు,” అన్నాడు పాక్ కార్యోది. “నీది పోతే ఎవరున్నారు, గెందుక్?”

“ఎవరూ లేరు, బాపక్.”

“అయితే గుమ్మం అవతల నిలబడ్డవాణ్ణే అడగాలి. ఎవరు, ఎవరి దగ్గరికి వచ్చారు అని. నేను రోజూ అడుగుతా. ఇంతదాకా నన్నెవడూ కొట్టలేదు.”

“మీరడిగేది తెలియనివాళ్ళని.”

అదీ నిజమే అన్నాడు ముసలాయన.

ఏప్రిల్లో ఐదుగురం కలిశాం. కుంతాడి ఐదు పొట్లాలే తెచ్చాడు. బు ముర్సియెం లెక్కపెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కోటి పంచింది. ముక్కల పని మధ్యలో అచ్చుయంత్రం కాగితం కోసం రెండు నిమిషాలు ఆగవలసి వచ్చింది. కెమెరా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. కుంతాడి బల్ల వైపే చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

“నా ఉత్తరం అందిందా, జెంగ్?”

“అందింది, మస్.”

ఆ రికార్డింగు నా దగ్గర భద్రంగా ఉండవలసినది కనుక ఉంది. ఆ మాట తరవాత పదకొండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. ఆమె చెప్పింది పూర్తి నిజం. తరవాత ఆమె నోరు తెరిచింది కూడా. అదే క్షణంలో కాగితం బయటికి వచ్చింది.

“సరే, జెంగ్. మంచిది,” అన్నాడు అతను.

బయటికి వచ్చాక చెప్పాలనుకుంది. అతను మధ్యాహ్నం భోజనానికి ఆగలేదు. మళ్ళీ పంపుతాడేమోనని ఆమె అక్టోబరు దాకా చూసింది. ఆమె రాస్తుందేమోనని అతనూ చూసి ఉంటాడు. జావాలో మాట లేకపోవడమే చాలాసార్లు కాదనడం. మంచి కుటుంబంలో పుట్టినవాడు దాన్ని రెండోసారి అనిపించుకోడు. 2018లో కళాశాలలో పని పెరిగిందని చెప్పి అతను తన ముక్కను తిరిగి ఇచ్చేశాడు. 2019 ఆగస్టులో అతని పెళ్ళి శుభలేఖ మామూలు తపాలాలో వచ్చింది. దానికి ఏ తాళమూ లేదు. విరాత్మి కోతాగెదె వెండి పనివారి దగ్గర ఒక చిన్న బరిణె చేయించి పంపింది. తాను వెళ్ళలేదు.

ఆ ఏళ్ళలో ఆమెకు రెండు సంబంధాలు వచ్చాయి. రెండిటికీ ఆమె మర్యాదగా, వెంటనే, రాతపూర్వకంగా కాదని జవాబిచ్చింది. ఆ ఉత్తరం పెట్టెలోనే ఉంది. నెలకొకసారి దాన్ని తెరవడానికి ప్రయత్నించేదని నాకు తెలుసు. ఎందుకంటే విఫలమైన ప్రతి ప్రయత్నమూ నేను చూసే చిట్టాలో ఒక లైనుగా పడేది. చదవలేమని తెలిసీ ఎందుకని నేను అడగలేదు. ఆ మొహమాటం నాకూ ఉంది.

2024 అక్టోబరుకు మూల సంఖ్యకు పదేళ్ళు నిండాయి. నియమం ప్రకారం దాన్ని నాశనం చేసి వేరే సంఖ్యతో, వేరే మనుషులతో మొదలుపెట్టాలి. మొదటి ఐదుగురినీ సాక్షులుగా పిలిచాం. ఆ తరవాత మేము కలవడానికి కారణమంటూ ఏదీ ఉండదు. పదహారో తేదీ బుధవారం పొద్దున కూతురు బయలుదేరుతుంటే పాక్ కార్యోది అడిగాడట.

“ఇవాళతో సరా? ఇక రాడా?”

“రారు, బాపక్.”

“నా తోటకి వచ్చేవాళ్ళంతా రాయి ముందు కూర్చుని అడుగుతుంటారు గెందుక్. ఒక్క రాయి కూడా జవాబు చెప్పగా నేను వినలేదు.”

పదకొండున్నరకు సంఖ్య పోయింది. ముక్కలున్న కార్డులన్నీ పొడి అయ్యాయి. పనసకాయ కూర, అన్నం పొట్లాలు వచ్చాయి. కుంతాడి తన పొట్లం తీసుకుని వెనక వరండాలోకి వెళ్ళాడు. అతనికి కణతల దగ్గర జుట్టు నెరిసింది. విరాత్మి కూడా పొట్లం తీసుకుని వెళ్ళి, ఒక కుర్చీ వదిలి కూర్చుంది. అక్కడ జరిగింది ఆమె నాకు తరవాత చెప్పింది, ఒక్కసారే, ఏ మాటా కలపకుండా.

“మస్, 2017 మార్చిలో మీరు పంపిన ఉత్తరం... పాత తాళానికి పంపారు. మూడు రోజుల ముందే ఆ కార్డు కత్తిరించేశాం. నేను తెరవలేకపోయాను.”

అతను చేతిలోని ముద్దను ఆకులో పెట్టేశాడు.

“అందిందన్నావు.”

“అందింది. చదవలేదు.”

“ఏడేళ్ళు,” అన్నాడు. “నువ్వు చదివి, మర్యాదకి ఊరుకున్నావనుకున్నాను. ఎంత మంచి మనిషి, నన్ను చిన్నబుచ్చలేదు అనుకున్నాను.”

“మళ్ళీ పంపమని అడగాల్సింది. అడగలేకపోయాను. తప్పు నాదే.”

“తాళం చూసుకోకుండా నొక్కింది నేను.”

“చిత్తుప్రతి ఉందా?”

“తాళం వెయ్యగానే చెరిపేశాను. నువ్వు నేర్పే పద్ధతే.”

ఇద్దరికీ నవ్వు వచ్చింది. అది ఆగాక ఆమె అడిగింది. “ఏం రాశారో చెప్పొద్దు మస్, ఇప్పుడది వినకూడదు. ఒక్కటి చెప్పండి చాలు. పైన ‘మన’ అని రాశారు. ఐదుగురమా?”

“కాదు, జెంగ్. ఇద్దరమే.”

ఆమె తల ఊపింది. అతను ఆకు అంచు మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు.

“చదివి ఉంటే?” అన్నాడు.

“ఆ సోమవారమే జవాబు వచ్చేది మీకు. సాయంత్రం లోపు.”

సలతిగా వెళ్ళడానికి అతను ఎక్కవలసిన సోలో బస్సు గివాంగన్ బస్టాండ్ నుంచి మూడు పదికి. రెండున్నరకు బు ముర్సియెం గుమ్మం దాకా వచ్చి, వరండాలోకి చూసి, పిలవకుండానే వెనక్కి వచ్చేసింది. “తరవాతి బస్సెన్నింటికి?” అని నన్ను అడిగింది. నాలుగుంపావుకని చెప్పాను. మాస్టారుగారికి చెప్పక్కర్లేదులే, ఆయనకి తెలిసే ఉంటుంది అంది.

లోపలికి వినిపించినంత వరకు వాళ్ళు మాట్లాడుకుంటున్నది అతని కూతురి గురించి. పాపకు నాలుగేళ్ళు, మెరాపి అగ్నికొండ పొగ వదిలినప్పుడల్లా వంట చేస్తోందా అని అడుగుతుందట. కొండ ఏమి వండుతోందని విరాత్మి అడిగింది. పాప ప్రతిసారీ వేరే కూర చెబుతుందన్నాడు. అవన్నీ వరుసగా చెప్పమంది. అతను గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్కటే చెప్పాడు. నాలుగుంపావు బస్సుకు వెళ్ళాడు.